పది పుల్లల కట్ట

ట్యాబ్‌లో లెక్కలు చేస్తున్న మా రెండో క్లాసు పాపని చూస్తుంటే చిన్నప్పుడు మనిద్దరం చదివిన ఉయ్యూరు బడి గుర్తొచ్చింది. చీపురు పుల్లలు పదేసి కలిపి దారంతో కట్టేవాళ్లం, గుర్తుందా? తీసివేతలో విడి పుల్లలు చాలకపోతే ఒక కట్ట విప్పాలి. మాస్టారు వేసిన ముడి ఓ పట్టాన ఊడేది కాదు. పళ్లతో లాగితే నోరంతా చీపురు వాసనే.

పాప స్క్రీన్ మీదా పుల్లల కట్టే ఉంది. పాప వేలు పెట్టగానే దానంతటదే విడిపోయింది.

"ఎందుకు విప్పావే?" అన్నాను.

"ఏమో అమ్మా, మెరిసింది, నొక్కాను."

కొత్త చీపురు పుల్లలు పీకి, పదింటిని దారంతో కట్టి, ఆ కట్టా మూడు విడి పుల్లలూ పాప ముందు పెట్టాను. "ఇందులోంచి ఐదు తియ్యమ్మా."

కట్ట మీద వేలితో తట్టి, ఎప్పుడు విడిపోతుందా అని చూస్తూ కూర్చుంది. నేనూ చూస్తూ కూర్చున్నాను.