బాతుపిల్లకు సున్నిపిండి స్నానం

నా చిన్నప్పుడు అని మొదలుపెట్టాలంటే తలలో కనీసం నాలుగు తెల్ల వెంట్రుకలుండాలి. నాకు రెండే ఉన్నాయి. అయినా తప్పడం లేదు. పోయిన ఆదివారం ఏలూరులో మా ఇంట్లో మా కుక్కకి పుట్టినరోజు చేశారు. మా ఆవిడ దాని నెత్తిన కాగితం టోపీ పెట్టి ‘మా చిన్నోడు’ అంది. కుక్కని కుక్కలా చూడాలని మా అమ్మ అంది. ఇద్దరూ తీర్పు చెప్పమని నా వైపు తిరిగారు. ఈ విషయంలో నాకు అనుభవం కొంచెం ఎక్కువ. తొమ్మిదేళ్ళ వయసులో నేను ఒక బాతుకి తల్లిని.

మా అమ్మమ్మగారి ఊరు కైకలూరు దగ్గర, కొల్లేటి అంచున ఉంటుంది. దాళ్వా వరి కోతలయ్యాక బాతులవాళ్ళు వందలకొద్దీ బాతుల్ని తోలుకొచ్చి, రాలిన గింజల కోసం చేలల్లో మేపుతారు. ఒక ఊరి చేలు అయిపోతే ఇంకో ఊరికి వెళ్ళిపోతారు. ఆ వేసవి సెలవుల్లో వచ్చిన బాతులతను, మందతో నడవలేక వెనకబడుతున్న ఒక కుంటి పిల్లని నా చేతిలో పెట్టి, కాలు బాగయ్యేదాకా చూస్తుండమన్నాడు. చూస్తుండమన్నాడు, అంతే. మిగిలినదంతా నా సొంత తెలివి.

అప్పుడే మా పిన్ని పురిటికి వచ్చి ఉంది. రోజూ పొద్దున్నే అమ్మమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, పసిపాపని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, సున్నిపిండితో నలిచి వేణ్ణీళ్ళు పోసేది. ఆ తర్వాత సాంబ్రాణి పొగ, పౌడరు, బుగ్గన దిష్టి చుక్క. పిల్లల్ని పెంచడమంటే ఇదేనని నాకు అర్థమైపోయింది. పెరట్లో అరటిచెట్ల వెనక నేనూ కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. బాతుపిల్లకి చిట్టిబాబు అని పేరు పెట్టి, రోజూ సున్నిపిండితో నలిచాను. బాతుకి బుగ్గ ఎక్కడుంటుందో తేలక దిష్టి చుక్క ముక్కు మీద పెట్టాను. సాంబ్రాణి పొగకి అది దగ్గితే, నవ్వుతోందనుకున్నాను. జలుబు చేస్తుందని నీళ్ళ వైపు పోనివ్వలేదు. ఆ చుట్టుపక్కల అంత శుభ్రమైన బాతు ఇంకోటి లేదు.

వారం తిరిగేసరికి దాని కాలు బాగైంది. ఒకరోజు ఇంటి వెనక పంటకాలువలో మంద ఈదుకుంటూ పోతుంటే, చిట్టిబాబు నా చేతుల్లోంచి ఎగిరి నీళ్ళలోకి దూకింది. బాతు నీళ్ళలోకి దూకితే వింతేం లేదు. ఇది మునిగింది. తడిసిన దూదిపింజలా కిందికి పోతుంటే నేను గట్టున నిలబడి ఊరు అదిరిపోయేలా ఏడ్చాను. కాలువలో నీళ్ళు నా మోకాళ్ళ దాకా కూడా లేవు. దిగి తీయొచ్చన్న ఆలోచన రాలేదు. బాతులతనే వచ్చి తీశాడు.

అది చలికి వణుకుతోంది. అతను దాని ఈకలు వేళ్ళతో విడదీసి చూసి, వాసన చూసి, నా ఏడుపు విని పరిగెత్తుకొచ్చిన మా అమ్మమ్మ వైపు తిరిగాడు. “దీని ఒంట్లో నూనె పోయిందండి అమ్మగారూ. ఎవరో బాగా తోమేశారండి.”

బాతుకి తోక మొదట్లో నూనె ఊరుతుందట. దాన్ని ముక్కుతో తీసి ఒళ్ళంతా రాసుకుంటుందట. ఆ నూనె ఉంటేనే తేలుతుందట. తను ఇంకో పది రోజులు ఇక్కడే ఉంటాననీ, ఈలోగా తేలితే మందలో కలుపుకుని భీమడోలు వైపు తోలుకుపోతాననీ చెప్పాడు. తేలకపోతే ఏమవుతుందో చెప్పలేదు. తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

నేను మాత్రం వెనక్కి తగ్గలేదు. ఇకనుంచి ఇంకా వేడి నీళ్ళు పోస్తానన్నాను. నేను దాని అమ్మనన్నాను. అమ్మమ్మ నన్ను తిట్టలేదు, కాదని కూడా అనలేదు. అయితే రేపొక్క రోజు నువ్వు నాకు బాతుపిల్లవి, అంది.

మర్నాడు పొద్దున్నే పాల గ్లాసు రాలేదు. పెరట్లో పీట వేసి, నా ముందు పళ్ళెం పెట్టింది. అందులో నీళ్ళలో కలిపిన తవుడు, పైన నాలుగు నత్తలు. ఒక నత్త నడుస్తోంది కూడా. నేను పళ్ళెం వైపు చూశాను. అమ్మమ్మ నా తల నిమిరింది. ఆ చేతిలో ఎగతాళి లేదు. పాపకి ఉగ్గు పెట్టేటప్పుడు ఎలా చూసేదో అలాగే చూసింది.

“ప్రేమగానే పెడుతున్నాను కదా నాన్నా, తినవేం?”

ఫ్యాను కింద కూర్చోబోతే, బాతులకి ఫ్యాను పడదమ్మా అంది. మంచమెక్కబోతే, పెద్ద గంప తెచ్చి నా మీద బోర్లించింది. కింద మెత్తగా గడ్డి పరిచింది. గంప సందుల్లోంచి మధ్యమధ్యలో పలకరించింది. వంక పెట్టడానికి లేదు, అన్నీ అపురూపంగానే చేసింది. అవేవీ నాకు పనికొచ్చేవి కావు, అంతే. మధ్యాహ్నానికి గంపలో కూర్చుని ఏడుస్తుంటే, ఎదురుగా చిట్టిబాబు ముక్కు మీద నల్లచుక్కతో నా వైపు చూస్తోంది. సున్నిపిండి చేత్తో పట్టుకుని నేను పిలిచినప్పుడల్లా అది ఎందుకు పారిపోయేదో అప్పుడు తెలిసింది. అప్పటిదాకా నేను అది పెంకితనమనుకున్నాను.

“దాన్ని నీళ్ళలోకి దింపుతాను, గంప తియ్యి అమ్మమ్మా,” అన్నాను. అమ్మమ్మ గంప తీసి, చేపల పులుసుతో అన్నం కలిపి పెట్టింది. అంత త్వరగా మారిన మనసు లోకంలో ఉండదు.

మర్నాటి నుంచి పొద్దున్నే కాసేపు వెడల్పాటి బేసిన్‌లో నీళ్ళు పోసి చిట్టిబాబుని వదిలేవాణ్ణి. తర్వాత ఎండలో పెట్టేవాణ్ణి. అది తోక దగ్గర ముక్కు పెట్టి గంటలకొద్దీ ఒళ్ళు దువ్వుకునేది. నేను చెయ్యాల్సిందల్లా చేతులు కట్టుకుని కూర్చోవడం. తల్లిగా నేను చేసిన పనులన్నిట్లోకీ కష్టమైంది అదే. నాలుగో రోజు సగం మునిగింది. ఏడో రోజు కొంచెం ఒరిగింది. తొమ్మిదో రోజు కాలువలో వదిలితే, ఏమీ జరగనట్టు తేలిపోయింది.

చిట్టిబాబు మందలో కలిసి వెళ్ళే పొద్దున, అది వెనక్కి తిరిగి చూస్తే చెప్పాలని నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. అది తిరగలేదు. తిరిగిందేమో కూడా తెలియదు. దిష్టి చుక్క చెరిగిపోయింది, అన్ని బాతుల్లో చిట్టిబాబు ఏదో నేను పోల్చుకోలేకపోయాను. నేనేమో దాని తల్లిని. అమ్మమ్మ పక్కన నిలబడి, ఏది మునగడం లేదో అదే మనది అంది. అన్నీ తేలుతున్నాయి.

అదే సున్నిపిండితో పెరిగిన మా పిన్ని కూతురు ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదువుతోంది. దానికి ఈ రోజుకీ ఈత రాదు.

ఆదివారం తీర్పు నేను చెప్పలేదు. కుక్క టోపీని పీకి నమిలేసింది, కేకు నేను తిన్నాను. కుక్కని నేనూ ‘నాన్నా’ అనే పిలుస్తాను, మానుకోవాలని లేదు. కానీ ముద్దొచ్చి దాని ముందు ఏదైనా పెట్టబోయిన ప్రతిసారీ, నత్తల పళ్ళెం అవతల ఆశగా కూర్చున్న మా అమ్మమ్మ ముఖం గుర్తొస్తుంది. నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. దాని తోక ఊగితేనే పళ్ళెం కింద పెడతాను.