కోత పండగ వేలంలో సలోమి గుమ్మడికాయ

2023 దీపావళి వెళ్ళిన వారం. అప్పట్లో నేను గజపతినగరంలో ఒక బ్యాంకు వాళ్ళు నడిపే ఆర్థిక సలహా కేంద్రంలో కౌన్సెలర్‌ని. బ్యాంకు కింద, మేము మేడ మీద. కింద అప్పులిచ్చేవారు, పైన వాటిని తీర్చడం ఎలాగో మేం చెప్పేవాళ్ళం. మెట్లు బయటినుంచే కావడంతో కొందరు దారి తప్పి ముందు మా దగ్గరికి వచ్చేసేవారు. వాళ్ళు బాగుపడ్డారు.

కౌన్సెలర్ అంటే పెద్ద మాటే గాని, చేసే పని చిన్నది. మొగుడూ పెళ్ళాల్ని ఎదురుగా కూర్చోబెట్టి, నెలకి ఎంత వస్తోంది, ఎంత పోతోంది అని అడగడం. దీన్ని మేం క్యాష్ ఫ్లో అంటాం. కాలవలో నీళ్ళు ఎటునించి వచ్చి ఎటు పోతున్నాయో చూడడంలాంటిది. రావడం సంగతి ఇద్దరికీ తెలుస్తుంది. పోవడం సంగతి చెరి సగం తెలుస్తుంది. ఆ రెండు సగాలూ ఒక గదిలో కలిసే మొదటి సందర్భం చాలాసార్లు మా ఆఫీసే. అందుకే టేబుల్ మీద పేపరువెయిట్లు పెట్టొద్దని నాకు ముందు పనిచేసినాయన చెప్పి వెళ్ళాడు.

ఆ వారం యాకోబు, సలోమి వచ్చారు. ఊరు అక్కడికి దగ్గర్లోనే. యాకోబు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో గేట్లు, కిటికీ గ్రిల్సు చేసే వెల్డరు. సలోమి ఇంట్లో బట్టలు కుడుతుంది. పెళ్ళయి ఏడేళ్ళు. ఆవిడకి అప్పుడు అయిదో నెల. కుర్చీలో కూర్చునే ముందు అతను కుర్చీని ఒకసారి ఊపి చూశాడు. తన కోసం కాదు, ఆవిడ కోసం. వెల్డరు కదా, కుర్చీ కాళ్ళని నమ్మడు అనుకున్నాను.

"సెప్పమ్మా" అన్నాను. ఆ జిల్లాలో పదేళ్ళు పనిచేస్తే ఎవరి నోరైనా అలాగే తిరుగుతుంది.

"ఈయన కతార్ ఎల్లిపోతానంటన్నాడు సార్" అంది సలోమి. "రెండేళ్ళు. అప్పులన్నీ తీరిపోతాయంట. కోత పండగ అయిన వారానికి ఏజెంటుకి లక్షా ఇరవై వేలు కట్టాల. నేను వద్దంటన్నాను."

"వద్దంటే సరిపోద్దేటి?" అన్నాడు యాకోబు. "మరి ఏటి సేస్తావో అదీ సెప్పాల కదా."

"అందుకే కదా ఇక్కడికి తీసుకొచ్చినాను. సార్, మీరు లెక్క సూడండి. ఎంత తగ్గిస్తే ఈ మనిషి ఇంటికాడ ఉంటాడో సెప్పండి. అంత తగ్గించేస్తాను."

మామూలుగా మా దగ్గరికి వచ్చేవాళ్ళు "ఎంత లోను వస్తాది" అని అడుగుతారు. ఒక మనిషి ఇంట్లో ఉండడానికి నెలకి ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టమని అడిగినావిడ ఈవిడ ఒక్కతే. బిడ్డ పుట్టేటప్పటికి అతను ఎడారిలో ఉంటాడు. తిరిగొచ్చేసరికి ఆ బిడ్డ పరిగెడుతూ ఉంటుంది. 

లెక్క మొదలుపెట్టాం. అన్నీ కలిపి అప్పు మూడున్నర లక్షల పైచిలుకు. వారం వారం కట్టే గ్రూపు లోను, ఫైనాన్సులో తీసుకున్న జనరేటరు, తాకట్టు కొట్లో సలోమి గొలుసు, రైసుమిల్లు షావుకారు దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు. మూడు రూపాయలంటే వినడానికి ముచ్చటగానే ఉంటుంది. నూటికి నెలకి మూడు, అంటే ఏడాదికి ముప్ఫై ఆరు. ఇద్దరి సంపాదనా ఒక పక్కా, ఖర్చులూ కిస్తీలూ ఒక పక్కా వేస్తే నెలకి పదకొండు వేలు లోటు. ఆ లోటు ఇన్నాళ్ళూ కొత్త అప్పుతో పూడుతూ వచ్చింది.

ముందు కతార్ లెక్క చూపించాను. ఏజెంటు డబ్బు కూడా షావుకారు దగ్గరే తేవాలి కాబట్టి, అసలూ వడ్డీ, అక్కడి తిండీ పోగా మొదటి ఏడాదిలో చాలా భాగం యాకోబు పనిచేసేది ఏజెంటు కోసమే. "ఆ ఏజెంటు మీకేమైనా సుట్టమా?" అని అడిగాను. యాకోబు నవ్వలేదు. సలోమి నవ్వింది.

తరవాత కోతలు. తాకట్టు కొట్లో గొలుసుని కింద బ్యాంకు గోల్డ్ లోనులోకి మార్చడం. దీన్ని టేకోవర్ అంటారు. అప్పు అదే, వడ్డీ సగం కన్నా తక్కువ. రెండు ఫోన్ల రీచార్జీల్లో ఒకటి చిన్నదానికి దించడం. టీవీ ప్యాకేజీ. యాకోబు షెడ్డుకి వచ్చిన ప్రతివాడికీ పోయించే టీ.

"గేటు సూడ్డానికి వచ్చినోడికి టీ పొయ్యకపోతే ఎలాగ సార్?"

"గేటు చూసేవాళ్ళకి పోయించండి. గేటు చూస్తానని చెప్పి ఫోను చూసుకునేవాళ్ళకి వద్దు."

"అయితే సగం ఊరు మానేస్తాది" అంది సలోమి సంతోషంగా.

లోటు నాలుగు వేలకి దిగింది. అక్కడ ఆగిపోయింది. మిగిలిన వాటిలో పెద్దది చర్చికిచ్చే దశమభాగం. వాళ్ళది పాత బాప్టిస్టు సంఘం. నేను ఆ వరస దాటేశాను. దేవుడి ఖర్చు, అత్తగారి మందుల ఖర్చు కౌన్సెలర్లు ముట్టుకోరు. ఇది ఏ శిక్షణలోనూ చెప్పరు గాని అందరికీ తెలుసు. పైగా సలోమి వంట వండిన ప్రతిసారీ గుప్పెడు బియ్యం చర్చి కోసం విడిగా డబ్బాలో వేస్తుంది. అక్కడి ఆడవాళ్ళందరూ వేస్తారు. రోజూ తప్పకుండా, చేతికి అందినంత. నేను జనానికి నెలనెలా ఉపన్యాసమిచ్చి నేర్పాలని చూసే రికరింగ్ డిపాజిట్టు అదే.

కాబట్టి షావుకారు అప్పు దగ్గరికి వెళ్ళాను. "ఈ అప్పు ఎందుకు తెచ్చారు?"

యాకోబు గోళ్ళలో మసి గీక్కున్నాడు, సలోమి కొంగు అంచు చూసుకుంది. మా పనిలో ఈ ప్రశ్నకి ఇలా పక్క చూపులు వస్తే పేకాటో, మందో, ఇంకో ఇల్లో. నేను టేబుల్ మీద ఏమైనా బరువైన వస్తువులున్నాయేమోనని చూసుకున్నాను.

"గుమ్మడికాయకి" అన్నాడు యాకోబు.

అర్థం కాలేదన్నాను. సలోమి వివరించింది. పంట ఇంటికొచ్చే రోజుల్లో చర్చిలో కోత పండగ జరుగుతుంది. ఎవరికి పండింది వాళ్ళు తెస్తారు. ధాన్యం, కోళ్ళు, కొబ్బరికాయలు, ఆనపకాయలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వచ్చిన డబ్బు చర్చికి. పాడిన డబ్బు అప్పటికప్పుడు కట్టనక్కర్లేదు, ఈస్టరు దాకా గడువు. ఈస్టరు నాడు బాకీదారుల పేర్లు చదువుతారు. ఆ గడువు వినగానే నాకు సంగతి తెలిసిపోయింది. అప్పటికప్పుడు కట్టాల్సి ఉంటే గుమ్మడికాయ ధర ఎక్కడా మూడంకెలు దాటదు.

సలోమి ఏటా తన ఇంటి కప్పు మీద కాసిన గుమ్మడికాయ ఇస్తుంది. యాకోబు ఏటా దాన్నే పాడుకుంటాడు. కిందటేడు పద్దెనిమిది వేలు.

"ఒక గుమ్మడికాయకా?"

"మా బావ పాట పెంచేస్తాడు సార్" అన్నాడు యాకోబు. బావ అంటే సలోమి అన్నయ్య దానియేలు. ట్రాక్టరు ఉంది. "నేను వెయ్యంటే ఆడు రెండేలంటాడు. అలాగని ఇడిసిపెట్టేస్తే? సలోమి తెచ్చిన కాయని మొగుడే తీసుకోలేదని నలుగురూ అనుకోరా? దీనికి తల వంపు కాదా?"

సలోమి అతనివైపు తిరిగింది. కుర్చీ కిర్రుమంది. కాళ్ళు గట్టివే.

"నాకోసమా?"

"మరెవరి కోసం?"

"ఒలమ్మో! నాకోసం పాడతన్నాడంట! నీకు ఆ పాట సరదా అనుకున్నాను కదయ్యా! ఏడాదికి ఒక్క రోజు నలుగుర్లో దర్జాగా నిలబడి పాడతాడు, పాపం, ఆ ఒక్క సరదా నేనెందుకు తియ్యాల అని నోరు మూసుకున్నాను. నీ సరదా కోసమే అన్నిట్లోకీ పెద్ద కాయ ఎంచి తెస్తన్నాను!"

"నాకేటి సరదా? పాట మొదలయితే సాలు, ఎప్పుడైపోద్దా అని గుమ్మంకేసి సూస్తాను."

"మరి సెప్పలేదేం?"

"నువ్వు అంత పెద్ద కాయ మోసుకొస్తావు. ఏటని సెప్పను?"

ఏడేళ్ళ పెళ్ళిలో ఒకరి ముచ్చట కోసం ఇంకొకరు చేసిన త్యాగం, వడ్డీతో సహా, నా ముందు కాగితం మీద ఉంది. దుబారా వల్ల మునిగిన ఇళ్ళు చాలా చూశాను. మర్యాద వల్ల మునుగుతున్న ఇల్లు ఇదే మొదటిది. నేను కాసేపు కిటికీలోంచి రాయగడ రోడ్డు చూశాను. లారీలు బాగానే తిరుగుతున్నాయి.

ఆ ఏడు పాట లేకపోతే, పాత పాటల బాకీ కోసం తెచ్చిన షావుకారు అప్పు, టేకోవర్‌లో బ్యాంకు అదే గొలుసు మీద అదనంగా ఇచ్చే డబ్బుతో తీర్చేస్తే, లోటు ఆరు వందలకి దిగుతుంది. అదీ నా లెక్క. కాని మనిషి వేలంలో నోరు మూసుకోవడం అనేది కాగితం మీద రాసినంత తేలిక కాదు. "పండక్కి నన్నూ పిలవండి" అన్నాను.

నవంబరు చివర ఆదివారం వెళ్ళాను. చర్చి గుమ్మానికి వరి కంకుల తోరణం కట్టారు. లోపల మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన కర్ర పట్టుకుని వేలం మొదలెట్టాడు. ఒక పుంజు నా కళ్ళ ముందే నాలుగు వేలకి వెళ్ళింది. దానికి ఆ సంగతి తెలిసి ఉంటే ఇంకా బాగా నిలబడి ఉండేది.

సలోమి కాయ వచ్చింది. ఈసారి మధ్యరకం కాయ. దానియేలు మీసం దువ్వి "రెండేలు!" అన్నాడు. అందరూ యాకోబు వైపు తిరిగారు.

 యాకోబు రెండు చేతులూ మోకాళ్ళ కింద పెట్టుకు కూర్చున్నాడు. గ్యాసు మంట దగ్గర రెప్ప వెయ్యని మనిషికి నుదుటి మీద చెమట పట్టింది.

"ఏం బావా, నోరు పడిపోనాదా?" అన్నాడు దానియేలు. కొందరు నవ్వారు. "నా సెల్లి కాయ అంత లోకువైపోనాదేటి నీకు? సరే, నాదే ఇంకో పాట, మూడేలు!"

తన మీద తనే పాడుకున్న మనిషిని నేను మొదటిసారి చూశాను. యాకోబు చేతులు మోకాళ్ళ కిందనుంచి బయటికి వస్తున్నాయి. అప్పుడు ఆడవాళ్ళ పక్కనుంచి సలోమి లేచింది.

"అన్నియ్యా, ఆపు."

పెద్దాయన ఎత్తిన కర్ర దించాడు.

"నా కాయ అయిదొందలు సేస్తాది. దేవుడి కోసం పాడితే పాడు, నేను అడ్డం రాను. నాకోసం పాడితే మటుకు వద్దు. మీ ఇద్దరూ నాకోసం పాడీ పాడీ, రేపు బిడ్డ పుడితే ఈయన నాకాడ ఉండడు."

దానియేలు మొహంలో మీసం తప్ప మిగతాదంతా కిందికి జారిపోయింది. "ఉండడా? ఎక్కడికెల్తాడు?"

"కతార్" అన్నాడు యాకోబు. అతను ఆ రోజు పలికిన మొదటి మాట అదే.

"నాకెవుడూ సెప్పలేదే! ఒరే బావా, నువ్వు బాగా సంపాదిస్తన్నావు కదా అని, సెల్లి కాయ సౌకగా పోకూడదని నేను పాట పెంచుతన్నాను గాని... ట్రాక్టరు కిస్తీ రెండు నెలలు ఆగిపోనాదిరా నాకు!"

ఎవరో మళ్ళీ నవ్వబోయి మానేశారు. కర్ర పట్టుకున్న పెద్దాయనకి ఏం చెయ్యాలో తెలీలేదు. వేలంలో ధర దిగడం ఆయన చూసి ఉండడు. పాస్టరుగారు లేచి, "కాయ తెచ్చినమ్మ అయిదొందలంది. ఆ పైన ఎవరి మనసు ఎంత చెబితే అంత, కాని ఇవాళ జేబులో ఉన్నదే పాడండి" అన్నారు. దానియేలు జేబులు తడుముకుని "ఏడొందలు" అన్నాడు. అక్కడే లెక్కపెట్టి ఇచ్చాడు. ఆ చర్చిలో పాట డబ్బు అదే రోజు చేతికి రావడం కొత్త కాబోలు, కోశాధికారి రసీదు పుస్తకం తేలేదు.

బయటికి వచ్చాక దానియేలు నన్ను ఎగాదిగా చూసి, "మీరేనా లెక్కల సారు? సోమారం ఉంటారా?" అన్నాడు. ఉన్నాను. ఆ చలికాలంలో ఆ సంఘం నుంచి ఇంకో నలుగురు మెట్లెక్కారు.

ఆ కేసు తరవాత నా పద్ధతి కొంచెం మారింది. ఇదివరకు ఖర్చు కనిపిస్తే "ఎందుకు?" అని అడిగేవాణ్ణి. ఎందుకు అంటే మనిషి లాయరైపోతాడు, జవాబు తయారుగా ఉంటుంది. ఇప్పుడు "ఎవరికోసం?" అని అడుగుతాను, ఆ మనిషిని పక్కనే కూర్చోబెట్టి. చాలా ఇళ్ళల్లో మనుషులు ఒకరినొకరు సంతోషపెట్టడానికి, ఇద్దరికీ అక్కర్లేని ఖర్చు ఏళ్ళ తరబడి పెడుతూ ఉంటారు. ఆ ఖర్చు తియ్యడం తేలిక. దాని అడుగునున్న ప్రేమకి దెబ్బ తగలకుండా తియ్యడమే మా పని.

ఏజెంటుకి డబ్బు కట్టాల్సిన రోజుకి ముందురోజు ఇద్దరూ మళ్ళీ వచ్చారు. టేకోవర్ కాగితాలు కింద అయిపోయాయి. నేను లెక్క ఇంకోసారి వేశాను. నిజాయితీగా చెప్పాలి కదా, ఎటు తిప్పినా నెలకి ఆరు వందల లోటు ఇంకా మిగిలే ఉందన్నాను. మా నియమాల ప్రకారం అది సరిపోయిన బడ్జెట్టు కాదు.

యాకోబు తలొంచుకున్నాడు. "అయితే..." అన్నాడు.

సలోమి లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, అతని భుజం మీద చెయ్యి వేసింది.

"లెగు" అంది. "ఆరొందలకి మొగుణ్ణి అమ్ముకుంటానేటి? రెండు జాకెట్లు ఎక్కువ కుడతాను."