అగ్నిపర్వతానికి స్వెట్టర్లెందుకు?

బాలి దీవిలో అగ్నిపర్వతం అంచున నిలబడి, లోపలి మంటలోకి తొంగి చూసి వచ్చాను. ఆ సంగతికి ముందు ఎలా వెళ్ళాలో చెబుతాను, మీలో ఎవరైనా బయలుదేరితే పనికొస్తుంది.

ప్రయాణం కర్నూలులో ఒక ట్రావెల్స్ ఆఫీసులో మొదలైంది. డెబ్బై దాటాక సముద్రాన్నీ నిప్పునూ ఒకేచోట చూడాలని నాకు బుద్ధి పుట్టింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి మా ఆవిడ నారాయణమ్మను కూడా ఏం చూడాలనుందని అడిగింది.

"ఏం సూడొద్దు. పొయ్యి దగ్గరికి పోకుండా నాలుగు దినాలు ఊరికే కూచోవల్ల," అంది ఆవిడ.

రెండు రోజులు ఆవిడకు సముద్రం ఒడ్డున కుర్చీ, ఒక రోజు నాకు కొండ అని ఖాయమైంది. ఎక్కడానికి రెండు గంటలు పడుతుంది, మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగిందా అమ్మాయి. ఓర్వకల్లు రాళ్ళ గుట్టల మీద మేకలతోపాటు పెరిగినవాణ్ణని చెప్పాను. మోకాళ్ళ సంగతి మాత్రం చెప్పలేదు.

ఊరికి రాగానే బస్టాండు ముందు టీ అంగడిలో కూర్చున్న ప్రతివాడికీ అగ్నిపర్వతం నోట్లోకి చూసి వస్తానని చెప్పాను. అంగడి మద్దిలేటి గ్లాసులు కడుగుతూ, "సూడకుండా వచ్చినావంటే మళ్ళా ఈడ కూచోనియ్యనప్పా," అన్నాడు. పదిమంది నవ్వారు. ఇక చూడకుండా ఊళ్ళో అడుగుపెట్టే దారి లేదు.

పెట్టె సర్దేటప్పుడు నారాయణమ్మ రెండు స్వెట్టర్లు పెట్టింది. నేను తీసేశాను. నిప్పుల కొండకు స్వెట్టర్లు మోసుకుపోయే మనిషి మా జిల్లాలో ఉన్నాడా? ఆ ఖాళీలో ఎండు జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి పట్టాయి.

ఉదయం ఏడింటికి కర్నూలులో బస్సెక్కితే మధ్యాహ్నం మూడింటికి బెంగళూరు. అక్కడినుంచి విమానం. మర్నాడు పొద్దున బాలిలో దిగాం. వీసా అక్కడే ఇస్తారు, గంటసేపు వరుసలో నిలబడాలి. గడియారాన్ని రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలి. బసలో గదితోపాటే టిఫిను: వేయించిన అన్నం, గుడ్డు, పండ్లు. నారాయణమ్మ సముద్రానికి ఎదురుగా కుర్చీలో కూర్చుంది. మొదటి రోజు ఎవరైనా పిలుస్తున్నారేమోనని మాటిమాటికీ వెనక్కి చూసింది. రెండో రోజు చూడలేదు.

మూడో రోజు తెల్లవారుజామున అయిదింటికి కారు. ఒక్కతే కూర్చోలేక నారాయణమ్మ కూడా ఎక్కింది. ఏడున్నరకు కొండ కింద. గైడు లేనిదే ఎక్కనివ్వరు. ఎనిమిదింటికి బయలుదేరాం. నల్లటి బూడిద, కాలు పెడితే జారే రాళ్ళు. నేను గైడును వెనక్కి నెట్టి చకచకా ఎక్కి, అంచున నిలబడి చూద్దును కదా, లోపల ఎర్రగా కుతకుత ఉడుకుతూ...

కాదు. మీలో ఎవరో నన్ను నమ్మి బయలుదేరతారు. నిజం చెప్పేస్తాను.

సగం కొండ ఎక్కేసరికి మబ్బు దిగింది. అగ్నిపర్వతం మీద అంత చలి ఉంటుందని అనుకోలేదు. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి, మోకాళ్ళు వాటికి తాళం వేశాయి. దారిలో ఒక టీ కొట్టుంది. దాని బల్ల మీద కూలబడ్డాను, మళ్ళీ లేవలేదు. నారాయణమ్మ సంచిలోంచి తువ్వాలు తీసి నాకు కప్పింది. కొంగు నడుముకు బిగించింది.

"మీరు ఈడ కూచోండి. ఊర్లో మాటిచ్చినారు కదా, నేను పోయి సూసొస్తా."

గైడు వెనకే వెళ్ళిపోయింది. కూర్చోడానికి వచ్చిన మనిషి ఎక్కింది, ఎక్కడానికి వచ్చినవాణ్ణి నేను కూర్చున్నాను.

రెండు గంటల తర్వాత దిగివచ్చింది. చేతిలో ఉడికిన అరటిపండు. పైన రాళ్ళ సందుల్లోంచి వచ్చే ఆవిరిలో పెట్టి గైడు ఉడికించాడట. అగ్గి కనబడిందా అని ఆత్రంగా అడిగాను.

"యాడ అగ్గి? పెద్ద గుంత ఉండాది. గుంతలో గడ్డి. ఓ పక్క కొంచెం పొగ. మన తడికట్టెల పొయ్యిలో ఇంతకన్నా శానా వస్తాది," అని పండులో సగం నాకు పెట్టింది.

తిరుగు ప్రయాణంలో బెంగళూరులో పొద్దున పదింటి బస్సు దొరికింది. మంచి దీవి, మర్యాదగల జనం, ఎటు చూసినా పారే నీళ్ళు. మావైపు నుంచి వెళ్ళేవాళ్ళకు కొండకన్నా ఆ నీళ్ళే వింత. కానీ నా మనసు దీవి మీద లేదు. మద్దిలేటికి చెప్పవలసిన మంటలను దారంతా పేర్చుకుంటున్నాను. డోన్‌లో మా ఊరి కంబగిరి ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. బస్సు కదలకముందే వెనక్కి తిరిగాడు.

"ఏం పెద్దాయనా, సూసినావా?"

నోరు తెరిచాను. నారాయణమ్మ కిటికీ వైపునుంచి నావైపు తిరిగింది. పేర్చుకున్న మంటలన్నీ ఆరిపోయాయి.

"నేను సగంలోనే కూలబడినానప్పా. సూసింది ఈమె."

కంబగిరి నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి ఆగాడు. "అవునా పెద్దమ్మా? ఎట్లుండాది?"

నారాయణమ్మ కొంగు సర్దుకుంది. "ఏం చెప్పల్ల నాయనా. తాటిచెట్టంత మంట."

వెల్దుర్తి దాటేసరికి మంట రెండు తాటిచెట్ల ఎత్తుకు లేచింది. గైడు పారిపోయాడు. వెనక సీట్లవాళ్ళు లేచి వచ్చి కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ కాక గడ్డీ పొగా సంగతి తెలిసినవాణ్ణి ఆ బస్సులో నేనొక్కణ్ణే. ఇంతలో కంబగిరి, ఇదంతా నిజమేనా అన్నట్టు నా ముఖంలోకి చూశాడు.

కింద టీ కొట్టు దాకా సెగ తగిలిందని చెప్పాను.