నాకు మైక్ ఎంచి పెట్టిన వాసంతికి

నిన్న ఉదయం మన సరళ ఫోన్ చేసింది. "పద్మా, వాసంతి పోయిందే" అంది.

ఎక్కడికి పోయింది అని అడిగాను. నిజంగానే అలా అడిగాను.

మెదడులో నరం చిట్లిందట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట. మన వయసే కదా తనకీ.

నిన్నటి నుంచి ఈ కాలేజీ బ్యాచ్ పేజీలో అందరూ రాస్తున్నారు. బంగారం లాంటి మనిషి అని, ఎవరికి ఏం కావాలన్నా ముందుండేదని. అదంతా నిజమే. నేనూ అదే రాసి ఊరుకుందామనుకున్నాను. చేతకాలేదు.

వాసంతి ఇంట్లోవాళ్ళెవరూ ఈ పేజీలో లేరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మీలో కొందరికి తెలుసు, నేనూ తనూ ఒకే హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచి పనిచేసేవాళ్ళం. అమెరికా డాక్టర్లు చెప్పిన రికార్డింగులు టైప్ అయి వస్తాయి, వాటిలో తప్పులు దిద్దాలి. నేను గుడివాడలో, తను బందరులో. నాకు ఆ పని చూపించింది తనే.

వారానికోసారి నెట్‌లో మీటింగ్. కంప్యూటర్‌తో పాటు ఇచ్చిన బుల్లి మైకే నాకు దిక్కు. మా మేనేజర్ ప్రతిసారీ, "మేడమ్, బావిలోంచి మాట్లాడుతున్నట్టుందండీ" అనేవారు. అందరూ నవ్వేవారు. నేను మాట్లాడడం తగ్గించేశాను.

వాసంతికి కోపం వచ్చింది. "నీకు తెలిసినంత పని అక్కడ ఎవరికి తెలుసే? మైక్ బాగోలేక నోరు మూసుకుంటావా?" అని మర్నాడే బస్సెక్కి వచ్చేసింది.

ఇద్దరం గుడివాడలో కంప్యూటర్ షాపులన్నీ తిరిగాం. ఒకాయన స్టాండుతో ఉన్న పెద్ద మైక్ చూపించి, ఇది తీసుకోండి, చాలా పవర్‌ఫుల్ అన్నాడు.

"పవర్‌ఫుల్ అయితే వీధిలో హారన్లు కూడా వినపడతాయి కదండీ" అంది వాసంతి. "ఫ్యాన్ వేయండి. వేసి ఒకసారి రికార్డ్ చేయండి."

ఆయన ఫ్యాన్ వేశాడు. నా చేత నాలుగు ముక్కలు మాట్లాడించింది. తిరిగి వింటే నా మాట కంటే ఫ్యాన్ మోతే ఎక్కువగా ఉంది.

తర్వాత చెవులకు పెట్టుకునే హెడ్‌సెట్ ఒకటి తీయించింది. నోటి దగ్గరికి వచ్చే చిన్న మైక్, కొసన స్పాంజి. అదే ఫ్యాన్ కింద మళ్ళీ రికార్డ్ చేయించింది. ఈసారి నా గొంతు ఒక్కటే వినిపించింది. ధర కూడా ఆ పెద్ద మైక్ కంటే చాలా తక్కువ.

"పిన్ను గుచ్చేది వద్దండీ, యూఎస్‌బీది ఇవ్వండి. వీళ్ళింట్లో కరెంటుకి గుయ్యిమంటుంది" అంది. మైక్ నోటికి ఎదురుగా కాకుండా పక్కకి ఎలా తిప్పుకోవాలో, ఊపిరి దానికి తగలకుండా ఎలా మాట్లాడాలో అక్కడే నేర్పింది.

ఆ తర్వాత మీటింగుల్లో ఎవరూ నవ్వలేదు. నేను చెప్పింది వినడం మొదలుపెట్టారు.

కొన్నాళ్ళకు టీమ్ లీడ్ పోస్ట్ ఖాళీ అయింది. నాకు అది చాలా కావాలనిపించింది. ఆ మాట మా ఆయనతో కూడా అనలేదు. వాసంతితోనే అన్నాను.

"నీకే వస్తుంది చూడు" అంది.

ఆ వారం మీటింగ్ మధ్యలో మా ఇంట్లో కరెంటు పోయింది. నెట్ వచ్చాక మళ్ళీ కలిశాను. అప్పటికి మిగతావాళ్ళంతా వెళ్ళిపోయారు. మేనేజర్, వాసంతి మాట్లాడుకుంటున్నారు. నేను వచ్చినట్టు వాళ్ళు చూసుకోలేదు.

హలో అనబోయాను.

"పద్మకి కుదరదండీ" అంటోంది వాసంతి. "నా ఫ్రెండే అనుకోండి, కానీ బాధ్యతంటే భయపడుతుంది. లీడ్ వద్దని నాతోనే చెప్పింది."

ఒక్కొక్క అక్షరం స్పష్టంగా వినపడింది. నేను హెడ్‌సెట్ తీసి కంప్యూటర్ కట్టేశాను.

పోస్ట్ తనకే వచ్చింది. ఆ రోజు సాయంత్రం ఫోన్ చేసి, "నేను అడగనేలేదే, వాళ్ళే ఇచ్చారు" అంది. కంగ్రాట్స్ అన్నాను. మళ్ళీ తన ఫోన్ ఎత్తలేదు. కొన్నాళ్ళు చేసింది, తర్వాత మానేసింది. ఎందుకు ఎత్తడం లేదని మనిషి వచ్చి అడగలేదు. తనకు తెలిసే ఉంటుంది.

నిన్న బందరు వెళ్ళాను. చివరిసారి చూడకుండా ఉండలేకపోయాను.

వాళ్ళాయన నన్ను చూడగానే దగ్గరికి వచ్చారు. "వచ్చావా చెల్లెమ్మా. ఆ పోస్ట్ తనకి వచ్చిందని అలిగావటగా. పద్మ అలక తీరాక తనే వస్తుందిలే అనేది వాసంతి."



అంటే ఇంట్లో అలా చెప్పిందన్నమాట. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో నేను ఓర్వలేని స్నేహితురాలిని.

కాదు అన్నయ్యగారూ, జరిగింది వేరు అని నాలుక చివరిదాకా వచ్చింది. అవనిగడ్డ నుంచి వచ్చిన వాసంతి వాళ్ళమ్మగారు కూతురి తల దగ్గర కూర్చుని నా వైపే చూస్తున్నారు. కాలేజీ రోజుల్లో సెలవులకి వెళ్తే వాసంతి పళ్ళెం పక్కనే నాకూ పళ్ళెం పెట్టిన మనిషి.

"అవునండీ, అలిగాను" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "పోన్లే అమ్మా, వచ్చావు కదా. దాని మనసు ఊరట పడుతుంది" అన్నారు. ఏడ్చాను. వాసంతి కోసమే ఏడ్చాను. నా కోసం కూడా.

పోయినవాళ్ళ గురించి ఇలా రాస్తారా అని మీలో ఎవరికైనా అనిపిస్తే, అనుకోండి. నిన్న ఒకసారి అబద్ధం ఒప్పుకున్నాను. ఈరోజు మళ్ళీ ఒప్పుకోలేను.

వాసంతీ, నువ్వు నాకు చేసింది మోసం. నువ్వు లేవని దాన్ని ఇంకో పేరుతో పిలవలేను.

నా గొంతు నలుగురికీ వినపడాలని బస్సెక్కి వచ్చిందీ నువ్వే. ఆ రెండూ ఒకే మనిషి ఎలా చేసిందో నిన్నే అడగాలనుకున్నాను. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతాననే అనుకున్నాను.

వెళ్ళిరా. నీకు అక్కడ నెమ్మది దొరకాలి.

నాకు ఇక్కడ దొరకడానికి కొంచెం టైం పడుతుంది.