కుళాయి తిప్పకండి!

మా వీధి బుడ్డీలబ్బాయికి పిచ్చి ముదిరి మా పక్కింటి నీళ్ళపైపును సుత్తితో పగలగొట్టాడని ఒక పుకారు ఇప్పటికీ నడుస్తోంది. అందులో సగమే నిజం. పిచ్చి ఉన్నమాట వాస్తవం. ఎక్కడ నీళ్ళు కనిపించినా ఒక బుడ్డీ పట్టందే ఆయనకు ముద్ద దిగదు.

ఉద్యోగం నీళ్ళు పరీక్షించే ల్యాబులో. తెల్లారకముందే తలుపులు బాదేవాడు. "కుళాయి తిప్పకండి! రాత్రంతా పైపులో నిలవున్న నీళ్ళే కావాలి!" ఆసుపత్రిలో ఉన్న సొంత మేనమామను పలకరించబోయి, మనిషిని మరిచి మంచం పక్కనున్న మంచినీళ్ళు బుడ్డీలో పట్టుకొచ్చాడట!

ఆరా తీయందే నాకు నిద్రపట్టదు. ఆయన వెంటపడి ల్యాబు చూసొచ్చాను. ఎంత బాగుందో! సన్నటి గొట్టం నీళ్ళు పీల్చి మంటలోకి చిమ్ముతుంది. ఆ మంట గుండా, సీసంతోనే చేసిన దీపం వెలుగును పంపుతారు. నీళ్ళలో సీసముంటే ఆ వెలుగును మింగేస్తుంది. ఎంత మింగితే అంత సీసం!

"సీసాన్ని సీసం దీపమే పట్టిస్తుందన్నమాట!" అన్నాను.

"మా ఆఫీసరు కంటే మీరే నయం మామ్మగారూ!"

అప్పుడే మా పక్కింట్లో అద్దెకున్న అమ్మాయి కుళాయి నీళ్ళ బుడ్డీని గొట్టానికి పెట్టాడు. ఆమెకు ఆరో నెల. అంకె చూసి ఆయన ముఖం పాలిపోయింది. మళ్ళీ పెట్టాడు. మూడుసార్లూ అదే అంకె.

"ఇంత సీసం కడుపులో బిడ్డకు చెరుపండీ. ఆ పాత సీసపు పైపు మార్చి తీరాలి!"

అదే ఇంట్లో పై అంతస్తులో ఉండే ఇంటి యజమానికి పరీక్ష కాగితం చూపించాం. "నలభై ఏళ్ళుగా తాగుతున్నాం, మాకేమైంది? ఇష్టం లేకపోతే వాళ్ళని ఖాళీ చెయ్యమనండి!" అన్నాడు.

"మీకేమైందో తెలియాలంటే మీ తలకాయను బుడ్డీలో పట్టాలి!" అని వచ్చేశాను.

ఆ ఆదివారమే పైపు పగిలింది. వీధంతా నీళ్ళు! మధ్యలో సుత్తి పట్టుకుని, నిలువునా తడిసి మా బుడ్డీలబ్బాయి! ఇంటాయన తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. అయితేనేం, తనకూ చుక్క రాకపోయేసరికి కొత్త పైపు వేయించక తప్పలేదు. వారం తర్వాత పరీక్షిస్తే దీపం వెలుగు చెక్కుచెదరలేదు! పుట్టిన పాప గొంతు వీధి చివరికి వినిపించేది.

మొన్న ఆ అమ్మాయీ మొగుడూ పాపతో సొంతింటికి మారారు. ఇక ఉండబట్టలేక నిలదీశాను.

"చుక్క ఒలికితేనే విలవిల్లాడేవాడివి, పైపెలా పగలగొట్టావయ్యా?"

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"సుత్తి ఒక్కటే నాది మామ్మగారూ. కొట్టింది ఆ అమ్మాయి. ఇంటాయన చూస్తే వాళ్ళని ఖాళీ చేయిస్తాడని సుత్తి చప్పున లాక్కున్నా. అబ్బ, ఏం దెబ్బండీ అది!"