సీసాల సారు తాగని నీళ్ళు

మా మేడ మీద గదిలో అద్దెకున్నాయన ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో ఒక్కసారి కూడా టీ తాగలేదు. మొదట్లో నాకు కోపం వచ్చేది. బల్బు పోయిందనో, కుళాయి రావడం లేదనో చెప్పడానికి కిందికి వచ్చి, గుమ్మం బయటే నిలబడేవారు.

"లోపలికి రండి సార్, టీ పెడుతున్నాను."

"వద్దమ్మా, ఇప్పుడే తాగాను."

ఆ పూట ఆయన గదిలో స్టవ్వు వెలగలేదని నాకు తెలుసు.

ఆయన కాలుష్య నియంత్రణ శాఖలో ఇంజనీరు. వీధిలో అందరూ సీసాల సారు అనేవారు. జీపులోంచి సీసాల పెట్టె, ఐసు డబ్బా దింపుకుని, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, వాగులోకి దిగి నీళ్ళు పట్టుకునేవారు. కొత్తవాళ్ళు ఆ పేరు విని వేరే సీసాలనుకుని కన్ను గీటేవారు. అసలు సంగతి తెలిశాక ఆ చనువు కూడా ఉండేది కాదు.

వాగు ఒడ్డున బట్టల రంగులు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. మా వీధిలో సగం ఇళ్ళకి అదే ఆధారం. మా ఆయన కూడా అక్కడే, సరుకు లారీలకెక్కించే విభాగంలో పని చేస్తారు. ఫ్యాక్టరీకి దిగువన, వాగు మలుపు తిరిగేచోట, ఊరికి నీళ్ళు తోడే పంపుహౌసు ఉంది. ఈ రెండింటి మధ్య సీసాల సారు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "మా ఇంట్లో ఏం కలుపుతామని సార్ మీ భయం?"

ఆయన నవ్వారు. "అయ్యో, అది కాదమ్మా. మీ ఆయన ఆ ఫ్యాక్టరీ మనిషి కదా. నేను తనిఖీ చేసేవాళ్ళ దగ్గర మంచినీళ్ళు కూడా ముట్టను. టీ తాగితే, రిపోర్టు రాసేటప్పుడు ఆ కప్పు గుర్తొస్తుంది. చెయ్యి సాగదు."

"ఇది ఇల్లు కదండీ, ఫ్యాక్టరీ కాదు."

"గుమ్మానికో రూలు పెట్టుకుంటే నాకు గుర్తుండదమ్మా. అంతటికీ ఒకటే అయితే సులువు."

అంత సులువేం కాదు. సెలూన్లో సారు కుర్చీలో కూర్చుంటే కత్తెర చప్పుడు తప్ప మరేదీ వినపడేది కాదట. ఒకసారి సెలూన్ అతను ఆగలేక, "సార్, ఫ్యాక్టరీ మూయిస్తారంట కదా. అప్పుడు నా కత్తెరకి తలలు మీరు తెచ్చిపెడతారా?" అన్నాడట. "ఉన్న తలలు ఉండాలనే కదయ్యా నా గోల" అన్నారట సారు. మా ఆయన ఇంటికి వచ్చి ఈ ముచ్చట చెప్పి పకపకా నవ్వారు. తర్వాత మా పాపకేసి చూసి, ఎందుకో ఆపేశారు.

సారు భార్య వేరే ఊళ్ళో టీచరు. బదిలీ మీద బదిలీ అయ్యేసరికి ఆవిడ వెంట తిరగడం మానేసింది. సాయంత్రాలు ఆయన మెట్ల మీద కూర్చుని ఫోను చేసేవారు. "ఆ, తిన్నాను. ఆ, బాగానే ఉంది. లేదు లేదు, ఇక్కడ అందరూ మంచివాళ్ళే." అవతల పెట్టేశాక కూడా ఫోను చెవి దగ్గరే పట్టుకుని కాసేపు అలాగే కూర్చునేవారు. దారిన పోయేవాళ్ళకి ఇంకా ఎవరితోనో మాట్లాడుతున్నట్టు కనపడాలని కాబోలు.

నాకు ఆయనతో ఒకటే పని. మా పాపకి నాలుగేళ్ళు. దానికి కడుపునొప్పి వచ్చినా, ఒంటి మీద దద్దురు కనపడినా నా అనుమానం కుళాయి మీదికే పోయేది. "సార్, ఈ నీళ్ళు పాపకి పట్టొచ్చా?" అని అడిగేదాన్ని.

"కాచి చల్లార్చి పట్టండమ్మా."

నేను చదివింది రసాయనశాస్త్రం. కాస్తే క్రిములు చస్తాయి. రంగుల్లో కలిసే లోహాలు చావవు. నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. ఆ సంగతి ఆయనకీ తెలుసు. నాకు తెలుసన్నదీ తెలుసు. అందుకే ఆ జవాబు చెప్పేటప్పుడు నా మొహం చూసేవారు కాదు, మెట్లకేసి చూసేవారు. పరీక్షల్లో ఏం తేలిందో పై ఆఫీసు ప్రకటించేదాకా ఆయన నోరు విప్పకూడదు. పై ఆఫీసు ప్రకటించేది కాదు. ఆయన రాయగా రాయగా ఒకసారి మూసివేత ఉత్తర్వు వచ్చింది, ఫ్యాక్టరీ గేటుకి అంటించారు కూడా. వారం తిరక్కుండా, నడుపుకోమని గడువు ఇస్తూ ఇంకోటి వచ్చింది. దాన్ని మొదటి కాగితం మీదే అంటించారు.

ఈ ఎండాకాలం ఒక ఉదయం కుళాయిలో నీళ్ళు లేత గులాబీ రంగులో వచ్చాయి. ఆ ఒక్క పూటే. అయినా బిందెలన్నీ రోడ్డెక్కాయి. కాలుష్య శాఖ చూసే మంత్రి మా నియోజకవర్గం నుంచే గెలిచాడు. వాగును అద్దంలా చేస్తానని ఎన్నికల్లో మాటిచ్చాడు. ఆ మాట గుర్తుచేసేవాళ్ళు ఎక్కువయ్యేసరికి స్కూలు మైదానంలో సభ పెట్టించాడు.

పాపని చంకనేసుకుని నేనూ, మా ఆయనా వెళ్ళాం. వేదిక మీద బల్ల నిండా సీలు తీయని నీళ్ళ సీసాలు వరసగా పేర్చారు. ఆ పని చేసిందెవరో గాని, సభ అక్కడే బెడిసింది. ముందు వరసలోంచి ఒక ముసలామె లేచింది. "బాబూ, మాకు కుళాయి నీళ్ళూ, నీకు కొన్న నీళ్ళూనా? ఏదీ, మా నీళ్ళు ఒక్క గుక్క తాగి చూపించు!"

జనం ఈలలు వేశారు. మంత్రి తడబడలేదు. "నేను తాగితే రాజకీయం అంటారమ్మా. నీళ్ళ సంగతి తెలిసినవాడు తాగాలి. ఈ ఊరి నీళ్ళకి కాపలా మా ఆఫీసరు. కాపలావాడు నిద్రపోతే జవాబు చెప్పాల్సిందీ ఆయనే" అంటూ సీసాల సారుని మైకు దగ్గరికి పిలిచాడు.

ఎవరో స్కూలు కుళాయి నుంచి గ్లాసు నింపుకొచ్చారు. ఆ రోజు నీళ్ళు తేటగానే ఉన్నాయి.

సారు గ్లాసు అందుకున్నారు. వెలుగులోకి ఎత్తి చూశారు. అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "డ్యూటీలో ఉండగా ఎవరి దగ్గరా నీళ్ళు తాగనండి" అన్నారు.

జనం గొల్లున నవ్వారు. మంత్రీ నవ్వాడు. "మంచి రూలే. ఈ ఒక్కసారికి నేను మినహాయింపు ఇస్తున్నాను, తాగండి."

సారు చూపు మైదానమంతా తిరిగింది. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళ దగ్గర కాస్త ఆగింది. మళ్ళీ మైకులోకి వంగారు.

"మంచివైతే తాగేవాణ్ణి."

నవ్వులు ఆగిపోయాయి.

"కాచినా పనికిరావు. పిల్లలకి అసలు పట్టకండి. ఫ్యాక్టరీ మూయమని రాసింది నేను. మూశారు కూడా. తెరిపించింది పై ఆఫీసు. పై ఆఫీసుకి ఎవరు చెప్పారో..."

మైకు పోయింది. ఆయన పెదాలు ఇంకాసేపు కదిలాయి. వేదిక మీదివాళ్ళకి వినపడే ఉంటుంది. గ్లాసును ఒలకకుండా బల్ల మీద పెట్టి, దిగి వచ్చేశారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దారి మాత్రం ఇచ్చారు, ఒక మనిషికి కావలసినదానికన్నా వెడల్పుగా. పాప "తాతయ్యా!" అని చెయ్యి ఊపింది. మా వెనకే ఫ్యాక్టరీ సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. మా ఆయన మెల్లగా దాని చెయ్యి కిందికి దించారు.

ఆ తర్వాత బదిలీ వచ్చింది. నీళ్ళ గొడవకీ దానికీ సంబంధం లేదట, పరిపాలనా సౌలభ్యమట. సామాను దింపడానికి సాయం ఎవరూ రాలేదు. ఉన్నదీ రెండు పెట్టెలూ ఒక కుక్కరే. తాళంచెవి ఇవ్వడానికి కిందికి వచ్చి, ఎప్పటిలా గుమ్మం బయట నిలబడ్డారు. ఇచ్చేశాక కూడా అక్కడే ఉన్నారు.

"ఈ ఊరి మీద నాకిప్పుడు అధికారం లేదమ్మా. కాసిని మంచినీళ్ళిస్తారా?"

లోపలికి రమ్మన్నాను. వచ్చి కుర్చీ అంచున కూర్చున్నారు. సభ అయినప్పటి నుంచి మేము డబ్బా నీళ్ళు తెప్పిస్తున్నాం. అవి పాపకే. పెద్దవాళ్ళం కుళాయివే తాగుతున్నాం. ఏవి ఇవ్వాలో తోచక వంటింట్లో నిలబడిపోయాను.

"పాప తాగేవే ఇవ్వండమ్మా" అన్నారు ముందు గదిలోంచి.

గ్లాసు అందుకుని ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి, ఆగి, సిగ్గుపడి, గడగడా తాగేశారు. టీ పెట్టనా అంటే, "పెట్టండి, చక్కెర కాస్త ఎక్కువ వేయండి" అన్నారు. పాప ఎదురుగా కూర్చుని ఆయన ప్రతి గుక్కా చూసింది.

"అమ్మా, తాతయ్యకి టీ తాగడం వచ్చు!"

ఆయన కప్పు కడుగుతానని లేచారు. నేను ఒప్పుకోలేదు. ఆటో వచ్చింది.

కొత్త ఇంజనీరు వచ్చిన వారం మా ఆయన హుషారుగా ఇంటికి వచ్చారు. "ఈయన ఆయనలా కాదు, చాలా కలుపుగోలు మనిషి. తనిఖీకి వచ్చి మా క్యాంటీన్లో అందరితో కూర్చుని భోంచేశాడు. మారు కూడా వడ్డించుకున్నాడు."

నేను డబ్బాలోంచి పాప గ్లాసులోకి నీళ్ళు వంపుతున్నాను. "మరి నీళ్ళేవి తాగాడు?"

"సీలున్న సీసా ఇచ్చాంలే" అన్నారు.

చెంబు తీసుకుని కుళాయి వైపు రెండడుగులు వేశారు. పాప గ్లాసుకేసి చూశారు. చెంబు గట్టు మీద పెట్టేసి, దాహం లేనట్టు వచ్చి కూర్చున్నారు.