బోర్డు లేని తలుపు

రోటోరువా నుంచి వచ్చి నాలుగు నెలలైంది. అక్కడ కప్పుకున్న శాలువా రెండుసార్లు ఉతికాను, ఎండలో ఆరేశాను. అయినా బీరువా తలుపు తీస్తే చాలు, అగ్గిపుల్ల గీసి ఆర్పినట్టు గంధకం వాసన ముక్కుకు తగులుతుంది. న్యూజిలాండ్‌లో ఆ ఊరి పక్కన నేలలోంచి పొగలు లేచే ఒక చిన్న పల్లె ఉంది. మావోరీలు తరతరాలుగా అక్కడే ఉంటున్నారు. వాకిళ్ళ దగ్గరే సలసల కాగే నీటి గుంటలు, పెరళ్ళలో బుడబుడలాడే బురద, రాళ్ళ సందుల్లోంచి ఆవిరి. ఆ ఆవిరి మీదే వంట, ఆ నీళ్ళతోనే స్నానం. ఆ ఊరివాళ్ళే దగ్గరుండి వచ్చినవాళ్ళకు ఊరు చూపిస్తారు. ఆఫీసులో కలిసి పనిచేసి రిటైరైన ఆడవాళ్ళం ఒక బృందంగా వెళ్ళాం. డెబ్బై రెండేళ్ళ వయసులో నేను దేశం దాటడం అదే మొదలు. ఆ వాసన వచ్చినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది మాత్రం అక్కడి నేల కాదు. బొంబాయి కామాఠీపురాలో, ఒంటిగదులు వరుసగా ఉండే మా పాత చాల్‌లో, కింది అంతస్తులో ఉండిన సత్తెమ్మక్క తలుపు.

ఎందుకో చెబుతాను. మాకు ఊరు చూపించినావిడ పేరు మేరే. యాభై దాటిన మనిషి, గడ్డం మీద పచ్చబొట్టు. ముందుగా తన తల్లి పేరు, అమ్మమ్మ పేరు, ఆమె తల్లి పేరు చెప్పి, ఆ తరవాతే తన పేరు చెప్పింది. దారి మీది నుంచి పక్కకు అడుగు వేయవద్దని, నేల పైపొర పలచన అని హెచ్చరించింది. వేడి గుంట పక్కనే ఒక ఇల్లు ఉంది. కిటికీకి పూల తెర. లోపల ఎవరో కదిలినట్టయింది. మా బృందంలో ఒకావిడ ఫోన్ ఎత్తింది. మేరే వచ్చి ఫోన్‌కు తన అరచెయ్యి అడ్డం పెట్టింది.

"అది మా పిన్ని ఇల్లు" అంది. "మా పిన్ని మీ టూర్‌లో లేదు."

ఫోన్ ఎత్తినావిడ నొచ్చుకుంది. "ఫోటో తీయకూడదని బోర్డేమీ లేదుగా" అంది.

"ఇల్లు కదమ్మా" అంది మేరే నవ్వుతూనే. "ఇల్లని మళ్ళీ రాయాలా?"

అందరూ ముందుకు వెళ్ళారు. నేను వెనకబడ్డాను. ఆ మాట నేను ముందే విన్నాను. వేరే భాషలో, వేరే గుమ్మం దగ్గర.

సత్తెమ్మక్క నాకంటే పదకొండేళ్ళు పెద్ద. పన్నెండు అని ఆమె మనవరాలు అంటుంది. అది తప్పు. మక్తల్ దగ్గరి పల్లె నుంచి తాపీ మేస్త్రీ బాలయ్యను పెళ్ళాడి బొంబాయి వచ్చింది. బొంబాయిలో కట్టడాలు కట్టడానికి పాలమూరు దిక్కు నుంచి వచ్చిన మావాళ్ళను ఇక్కడ కామాఠీలన్నారు. మా పేరు మీదే ఈ పేటకు కామాఠీపురా అని పేరు. ఆ పేరు వింటే ఇప్పుడు ఎవరికీ తాపీపని గుర్తుకు రాదు. మా గల్లీలో సగం ఇళ్ళు సంసారులవి, సగం గదుల్లో ఆడవాళ్ళను కూర్చోబెట్టి వ్యాపారం చేసేవారు. సత్తెమ్మక్క గది రోడ్డు వైపు, సరిగ్గా ఆ రెండింటికీ మధ్యన ఉండేది.

మా అమ్మ పొద్దున్నే ఇటుకలు మోయడానికి వెళ్ళేది. మమ్మల్ని తెలుగు బడిలో దింపేది సత్తెమ్మక్క. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. గల్లీలో నడిచేటప్పుడు కాలి బొటనవేలు చూసుకుంటూ నడవమని అమ్మ కట్టడి. నేను అలాగే నడుస్తుంటే అక్క ఆగింది.

"ఏందే సుగుణా, కింద ఏమన్న పారేసుకున్నవా?"

"అమ్మ తల దించుకుని పొమ్మంది."

"దించుకుంటే కరెంటు స్తంభానికి గుద్దుకుంటవ్. ఎత్తు. ఆ గడప మీద కూసున్నామె నిన్ను జూసి నవ్వుతుంది. నువ్వు గూడ నవ్వు. పండ్లు అరిగిపోతయా?"

నేను నవ్వాను. ఆ గడప మీది మనిషి చెయ్యి ఊపింది. మా ఇంట్లో సంగతి తెలిసి అమ్మ రెండు తగిలించింది. మర్నాడు నేను మళ్ళీ నవ్వాను. ఎవరి మొహం చూడాలో, ఎవరిది చూడకూడదో ఇంకొకరు చెబితే వినని స్వభావం నాకు ఆ గల్లీలోనే, ఆ వయసులోనే పట్టుబడింది. తరవాత ఆఫీసులో అది నాకు చాలా చేటు చేసింది కూడా.

శాంత వచ్చేటప్పటికి నాకు ఇరవై రెండు నిండాయి, లెక్కల గుమస్తా ఉద్యోగం వచ్చింది. శాంత నాకంటే చిన్నది. సత్తెమ్మక్క పక్క గదిలో ఆమెను తెచ్చి పెట్టారు. ఎవరు తెచ్చారో, ఎలా తెచ్చారో రాయను. శాంత చెప్పలేదు, అక్క మమ్మల్ని అడగనివ్వలేదు. నల్లా దగ్గర వరుసలో వాళ్ళిద్దరూ మొదటిసారి మాట్లాడుకున్నారు.

"ఏ ఊరే నీది?"

"నారాయణపేట."

"అయ్యో, మా పక్కూరే గద. ఇగ నువ్వు నా చెల్లెవ్. చెల్లెవని బిందె ముంగట పెట్టకు మల్ల, ఎనకనే ఉండాలె."

శాంత పకపకా నవ్వింది. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం చాయ్‌కి ఆమె అక్క గడప మీద ఉండేది. ఊరి కబుర్లు, జొన్నరొట్టె రుచి, ఎండాకాలం వాగులో చెలమలు. వాళ్ళ మాటల్లో అవతలి గది ఉండేది కాదు. ఒక ఆదివారం నన్ను పిలిచి అక్క ఆజ్ఞాపించింది: "నీకు వచ్చిన అక్షరం దానికి గూడ చెప్పు. నీ కాడ పెట్టుకుని ఏం జేస్తవ్?" పలక కొని శాంతకు తెలుగు అక్షరాలు దిద్దించాను. నా చేతిరాత ఉన్నదున్నట్టు దించేసింది. నా 'అ' పొట్ట కొంచెం లావు. శాంతదీ అంతే.

గల్లీకి కొత్తగా వచ్చిన మగవాళ్ళు ఏ గది ఏదో తెలియక సంసారుల తలుపులు తట్టేవారు. శాంత వచ్చిన పదేళ్ళకు చాల్ పెద్దలు కూర్చుని తీర్మానం చేశారు. సంసారులుండే ప్రతి తలుపుకూ రేకు బోర్డు కొట్టాలి, 'ఇక్కడ కుటుంబం ఉంటుంది, తలుపు తట్టవద్దు' అని. వారంలో కింది అంతస్తు సంసారుల తలుపులన్నిటికీ బోర్డులొచ్చాయి, ఒక్క సత్తెమ్మక్క తలుపుకు తప్ప. బాలయ్య బతిమాలాడు.

"రేకు ముక్క కొడితే ఏమైతదే? అందరు కొట్టిన్రు."

"ఇల్లు కండ్లకు కనవడ్తలేదా? ఇల్లని రాయాల్నా? మనోళ్ళది ఇల్లని రాస్తే, పక్కోళ్ళది ఏమని రాసినట్టు?"

"తాగినోడు తలుపు తడితే?"

"తీస్తా."

నిజంగానే తీసేది. ఒకసారి నేను అక్కడే ఉన్నాను. ఒకడు తట్టాడు. అక్క తలుపు తీసి, వాడి ముందు కత్తిపీట పెట్టి, ఉల్లిగడ్డల గంప ముందుకు తోసింది. "మంచి యాళ్ళకొచ్చినవ్ తమ్మీ. కూసోని కొయ్యి. మా ఆయనకు కూర కావాలె." వాడు పారిపోయాడు. శాంత తన గడప మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. ముప్ఫై ఏళ్ళపాటు ఆ తలుపు అలాగే ఉంది. బాలయ్య పోయాడు, కూతురు పోయింది, కూతురి బిడ్డ దీప ఆ గదిలోనే పెరిగింది. శాంతకు వయసు మళ్ళింది. గదిలోనే మూలన ఉండి మిగతావాళ్ళకు వండిపెట్టేది. చాయ్ మాత్రం ఆగలేదు.

రోటోరువా పల్లెలో మేరే మాకు సమాధులు చూపించింది. కింద నేల కాగుతూ ఉంటుంది కాబట్టి చనిపోయినవాళ్ళను నేలపైనే సిమెంటు గూళ్ళలో పెడతారట. తరవాత ఆవిరి పెట్టెలో ఉడికిన మొక్కజొన్న కంకులు ఇచ్చింది. మా బృందంలో ఒకావిడ, మీరు అందరూ చూస్తుండగా స్నానాలెలా చేస్తారని అడిగింది. "సాయంత్రం గేటు వేసేస్తాం" అంది మేరే. "మీరు వెళ్ళాకే మా స్నానాలు." కంకి చేతిలో ఉండగానే నాకు అసూయ కలిగింది, దాచడం దేనికి? వాళ్ళకు గేటు ఉంది. ఏది చూపాలో, ఎక్కడ చెయ్యి అడ్డం పెట్టాలో తెలిసిన సొంత మనిషి ఉంది. మా గల్లీకి గేటు లేదు. మమ్మల్ని చూపించినవాళ్ళు మావాళ్ళు కారు.

పదేళ్ళ కిందట మా గల్లీకీ టూర్లు మొదలయ్యాయి. గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర గుంపు కట్టి, ఫాక్‌లాండ్ రోడ్ మీదుగా నడిపించుకొచ్చేవారు. తీసుకొచ్చే అబ్బాయి మర్యాదస్తుడు. గల్లీ మొదట్లోనే వాళ్ళకు నియమం చెప్పేవాడు: బోర్డు ఉన్న తలుపులు కుటుంబాలవి, దయచేసి వాటిని ఫోటోలు తీయకండి. ఒక ఆదివారం దీప తలారబోసుకుని గడప మీద కూర్చుంది. తలుపుకు బోర్డు లేదు.

ఆ ఫోటో ఎవరి ఫోన్‌లోంచి ఎవరి ఫోన్‌లోకి వెళ్ళిందో తెలియదు. కింద కామాఠీపురా అమ్మాయి అని రాశారు. దీప ఒక పళ్ళ డాక్టరు దగ్గర పేర్లు రాసే కౌంటర్లో పనిచేసేది. ఎవరో పేషెంటు ఆ ఫోటో డాక్టరుకు చూపించారు. ఇక రావద్దన్నారు. దీప ఏడవలేదు. మూడు రోజులు అవ్వతో మాట్లాడలేదు, అంతే.

తరవాతి ఆదివారం ఆ అబ్బాయి గుంపుతో మళ్ళీ వచ్చాడు. అక్క అడ్డం నిలబడి, వచ్చిన హిందీలో నిలదీసింది.

"మా పిల్ల ఫోటో ఎందుకు తీసిన్రు?"

"పొరపాటైంది మౌసీ. మీ తలుపుకు బోర్డు లేదు. ఉంటే మేము తీయనే తీయం" అన్నాడు హిందీలో, ఎంతో వినయంగా.

"బోర్డు లేనోళ్ళ ఫోటో తియ్యొచ్చని నీకెవలు చెప్పిన్రు? శాంతకు మొఖం లేదా?" అక్క కోపంలో ఈసారి తెలుగులో అడిగింది. ఆ అబ్బాయికి అర్థం కాలేదు. నేను హిందీలో చెప్పాను. అప్పుడూ అర్థం కాలేదు. గుంపులో ఒకామె ఆ గొడవను కూడా ఫోన్‌లో తీసుకుంటోంది.

ఆ సాయంత్రం దీప నోరు విప్పింది. "బోర్డు పెట్టు అవ్వా. లేకుంటే నేను ధారావిల మా నాయన దిక్కు పెద్దమ్మ ఇంటికి పోతా. నీకు పక్కింటామె పరువు కావాలె. నాది నీకొద్దు."

"నీది నాకొద్దంటినా బిడ్డా?"

"ముప్ఫై ఏళ్ళ సంది ఆ ఖాళీ తలుపు మీద గదే రాసుంది."

  మర్నాడు అక్క మా గదికి వచ్చింది. చేతిలో రేకు.

"నీ రాత మంచిగుంటది. రాయి."

"ఏ భాషలో?"

"హిందీల రాయి, మరాఠీల రాయి, ఇంగ్లీషుల రాయి." గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగింది. "తెలుగుల రాయకు. శాంతకు తెలుగే చదవొస్తది."

నేను రాశాను. అక్క దాన్ని తనే మేకులతో కొట్టింది. ఆ మధ్యాహ్నం రెండు గ్లాసుల్లో చాయ్ పోసి గడప మీద కూర్చుంది. శాంత తన గడప దగ్గరికి వచ్చింది, తలుపు పైకి చూసింది, పొయ్యి మీద పప్పుందని లోపలికి వెళ్ళింది. మర్నాడు కూడా పప్పే. వారం తరవాత అక్క ఒక గ్లాసే కడగడం చూశాను. వాళ్ళు పోట్లాడుకోలేదు. నల్లా దగ్గర మాట్లాడుకునేవారు. నీళ్ళ గురించి.

దీపకు ఇంకో ఉద్యోగం దొరికింది, ఆ చిరునామా చెప్పకుండా. అక్క తరవాత ఏడేళ్ళు బతికింది. ఆ ఏడేళ్ళలో బోర్డు గురించి నాతో ఒక్కసారే మాట్లాడింది. "తీసేస్తే దీప పోతది. ఉంచితే శాంత రాదు. నువ్వు లెక్కలు చేసినదానివి గద, చెప్పు" అంది.   అది నన్ను కాదు, ఫోన్లు ఎత్తినవాళ్ళను అడగవలసిన ప్రశ్న అని ఇప్పుడనిపిస్తుంది. 

అక్క పోయిన రోజు శాంత బంతిపూల దండ తెచ్చింది. రోడ్డు మీదే నిలబడింది.

"లోపలికి రా శాంతా" అన్నాను.

"బోర్డుంది గదక్కా."

"అది నీ కోసం కాదు."

"ఏం రాసున్నదో నాకు చదువరాలే. గని నీ రాత నాకెరుక లేదా? నువ్వు దిద్దించిన చెయ్యే గద." దండ నాకిచ్చింది. "నువ్వే ఎయ్యి అక్కకు."

నేనే వేశాను.

దీప పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. గదికి తాళం. బోర్డు తీసేయనా అని ఫోన్‌లో అడిగితే, ఉండనీ ఆంటీ, ఖాళీ గదని తెలిస్తే ఎవరైనా దూరతారు అంది. కనుక ఉంది. మంచి ఆయిల్ పెయింటు వాడాను, ఇంకా వెలవలేదు. శాంత రోజూ నల్లా దగ్గరికి ఆ తలుపు ముందు నుంచే వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులు, చంకలో బిందె. అయినా అక్కడికి రాగానే రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళి, తలుపు దాటాక మళ్ళీ ఇవతలికి వస్తుంది. లోపల ఎవరూ లేరని ఆమెకు తెలుసు.